ట్రక్కు తగిలిస్తే కెమేరా దానంతట అదే వెలగాలి

వరి కోతలు మొదలయ్యాయంటే కల్లం దగ్గర ట్రాక్టరుకు పగలూ రాత్రీ తేడా ఉండదు. ఖాళీ ట్రక్కుతో రావడం, వెనక్కు కొట్టి కుప్ప దగ్గర నిలపడం, బస్తాలు ఎత్తుకుని పోవడం ఇదే పని. మిరప, పత్తి యార్డుల్లో అయితే ఒకదాని వెనక ఒకటి పది బండ్లు వరసలో ఉంటాయి. ఈ పనిలో డ్రైవరుకు అసలు కనిపించని చోటు ఒకటుంది. అది ట్రక్కు వెనక డోరు నుంచి పది పదిహేను అడుగుల మేర. అద్దాలు రెండూ ఉన్నా పక్కలు కనిపిస్తాయే గాని నట్టనడుమ ఏముందో కనిపించదు. చాలా ట్రాక్టర్లకు ఆ అద్దాలూ ఉండవు. కింద ఒకరు నిలబడి "రానీ, రానీ" అని కేక వేస్తుంటారు. ఇంజను చప్పుడులో "రానీ" అన్నాడో "ఆగు" అన్నాడో తెలియదు. కల్లంలో ఆడుకునే పిల్లలు, బస్తాల నీడన నడుం వాల్చిన కూలీలు, కట్టేసిన దూడలు అన్నీ ఆ చోటులోనే ఉంటాయి.

కార్లకు వెనక కెమేరాలు మామూలైపోయాయి. ట్రాక్టరు ట్రక్కులకు పెట్టుకునే రైతులు కూడా అక్కడక్కడ ఉన్నారు. తెలంగాణ వైపు ట్రాలీ అనేది, మన వైపు ట్రక్కు అనేది ఒకటే. అయితే బిగించుకున్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకు దాన్ని వాడడం మానేస్తున్నారు. కెమేరా చెడిపోయి కాదు, దాని స్విచ్చు వెయ్యడం మర్చిపోయి. లేదంటే ఆపడం మర్చిపోయి బ్యాటరీ దిగిపోయి, విసుగొచ్చి తీగె పీకేసి. కాబట్టి కెమేరా ఏది కొనాలన్నది రెండో సంగతి. ట్రక్కు తగిలించి తాళం తిప్పగానే అది దానంతట అదే వెలగాలి, ట్రక్కు విప్పగానే దానంతట అదే ఆరిపోవాలి. డ్రైవరు చెయ్యి తగలకూడదు. ఈ వారం చెప్పేది ఆ ఏర్పాటు గురించే. పేట ఎలక్ట్రీషియను ఒక పూటలో చెయ్యగలిగిన పని ఇది.

అమెరికా వాళ్ల అవస్థ

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో ట్రావెల్ ట్రైలర్లని ఉంటాయి. మంచం, వంటగది, నీళ్ల ట్యాంకు అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి. దాన్ని పికప్ వ్యానుకు తగిలించుకుని ఊళ్లు తిరుగుతారు. వ్యానుకు కంపెనీ బిగించిన వెనక కెమేరా ట్రైలరు తగిలించగానే గుడ్డిదైపోతుంది, దానికి ట్రైలరు ముందు గోడ తప్ప ఇంకేమీ కనిపించదు. అందుకని ట్రైలరు వెనక మరో కెమేరా పెడతారు. దాన్ని చాలా ట్రైలర్లలో సైడు లైట్ల తీగెకు కలిపి వదిలేస్తారు. అంటే పట్టపగలు కూడా లైట్లు వేస్తేనే కెమేరా వెలుగుతుంది. లైట్లు వెయ్యడం మర్చిపోతే తెర చీకటి. పోనీ ట్రైలరు లోపలి బ్యాటరీకి కలుపుదామంటే బండి షెడ్డులో ఉన్నప్పుడూ కెమేరా నడుస్తూనే ఉంటుంది. దాంతో అక్కడి వాళ్లు రిలేలు పెట్టుకుని, లాగే బండి తాళం తిప్పినప్పుడు మాత్రమే కెమేరాకు కరెంటు అందేట్టు చేసుకుంటున్నారు. మనం చేసుకోబోయేదీ అదే కిటుకు, మన ట్రాక్టరుకు తగినట్టుగా.

అక్కడ వెనక కెమేరా చట్టం వెనక ఒక పసివాడి చావు ఉంది. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలో కామెరన్ గుల్బ్రాన్సెన్ అనే రెండేళ్ల బాబు ఇంటి ముందు బండి కింద పడి చనిపోయాడు. బండిని వెనక్కు తీస్తున్నది కన్నతండ్రే. ఆయన పిల్లల డాక్టరు. వెనక ఎవరూ లేరనే అనుకున్నాడు. ఆ బాబు పేరు మీదే 2008లో చట్టం వచ్చింది. దాని ప్రకారం 2018 మే నుంచి అక్కడ తయారయ్యే సుమారు 4,500 కిలోల లోపు బండ్లన్నిటికీ వెనక కెమేరా తప్పనిసరి అయ్యింది. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లకు వెనక సెన్సార్లు తప్పనిసరి చేశారు. ఆ నిబంధన కార్లకే, ట్రాక్టర్లకు కాదు. ట్రాక్టరు రైతు తన జాగ్రత్త తానే చూసుకోవాలి.

ఏడు పిన్నుల సాకెట్టులో ఖాళీ గది

ట్రాక్టరు వెనక గుండ్రటి మూతతో ఒక సాకెట్టు ఉంటుంది. ట్రక్కు లైట్ల ప్లగ్గు పెట్టేది అందులోనే. దానికి ఏడు పిన్నులు. మామూలు ప్రమాణం ప్రకారం 1వ పిన్ను ఎడమ ఇండికేటరు, పసుపు తీగె. 2వది ఫాగ్ లైటు, నీలం. 3వది ఎర్తు, తెలుపు. 4వది కుడి ఇండికేటరు, ఆకుపచ్చ. 5వది కుడి టెయిల్ లైటు, గోధుమ రంగు. 6వది బ్రేకు లైటు, ఎరుపు. 7వది ఎడమ టెయిల్ లైటు, నలుపు. అంకెలు ప్లాస్టిక్కు మీదే చిన్నగా అచ్చువేసి ఉంటాయి. రంగులను మాత్రం నమ్మవద్దు. ట్రక్కు తయారుచేసే షెడ్లలో ఆ రోజు చేతికి ఏ తీగె దొరికితే అది వేస్తారు. అంకె చూసి, టెస్టు లాంపు పెట్టి చూసుకోవాలి.

మన ట్రక్కులకు ఫాగ్ లైటు ఉండదు. అందుకని 2వ పిన్ను సాధారణంగా ఖాళీగా పడి ఉంటుంది. మనకు కావలసింది అదే.

ఇక రిలే. హారను, హెడ్ లైట్ల దగ్గర నల్లటి చదరపు డబ్బాలు ఉంటాయి, అవే. చిన్న కరెంటు ఇస్తే లోపల ఉన్న అయస్కాంతం "టక్" మని లాగి పెద్ద కరెంటును కలుపుతుంది. దాని అడుగున కాళ్ల దగ్గర 30, 87, 85, 86 అని అంకెలుంటాయి. ఐదు కాళ్లది అయితే 87ఏ అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని వాడనక్కర లేదు. 12 వోల్టుల రిలే, దాని సాకెట్టుతో సహా అడగాలి. రెండూ కలిపి వందల్లోనే వస్తాయి.

కనెక్షన్లు ఇలా ఇవ్వాలి. బ్యాటరీ ప్లస్ నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా ఒక తీగె 30వ కాలుకు రావాలి. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఎక్కడో డ్యాష్ బోర్డు దగ్గర పెడితే మధ్యలో తీగె ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఫ్యూజు కాపాడదు, తీగె కాలిపోతుంది. 87వ కాలు నుంచి తీగె తెర, అంటే మానిటరు ఎర్ర తీగెకు పోతుంది. 86వ కాలుకు, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగె ఒకటి కలపాలి. 85వ కాలు నుంచి తీగెను వెనక సాకెట్టులో ఖాళీగా ఉన్న 2వ పిన్నుకు తీసుకెళ్లాలి. మానిటరు నల్ల తీగె బ్యాటరీ మైనసుకు. ట్రాక్టరు వైపు పని ఇంతే.

ట్రక్కు వైపు పని ఇంకా తక్కువ. ట్రక్కు ప్లగ్గు విప్పి లోపల 2వ పిన్నును 3వ పిన్నుకు, అంటే ఎర్తుకు, చిన్న తీగెతో కలపాలి. దీన్ని లూపు అంటారు. ఈ లూపు తీగె మధ్యలో 1 ఆంపియరు ఫ్యూజు పెట్టాలి. ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ట్రక్కు ప్లగ్గు పెట్టనంత వరకు రిలే 85వ కాలుకు ఎర్తు లేదు, కాబట్టి అది లాగదు. ప్లగ్గు పెట్టగానే లూపు మీదుగా ఎర్తు అందుతుంది. తాళం తిప్పగానే రిలే టక్ మంటుంది, తెర వెలుగుతుంది. తాళం తీసేస్తే ఆరిపోతుంది. ట్రక్కు విప్పి, ప్లగ్గు పీకి, దమ్ముకు పోతే తాళం తిరిగి ఉన్నా తెర వెలగదు. వేసే స్విచ్చూ లేదు, ఆపే స్విచ్చూ లేదు. తెర వెలగలేదంటే కనెక్షనులో తేడా ఉందనో, ప్లగ్గు పెట్టలేదనో అర్థం. ప్లగ్గు పెట్టలేదంటే టెయిల్ లైట్లూ లేనట్టే గనక ఆ సంగతి కూడా ముందే తెలిసిపోతుంది.

రిలే ఎందుకు, మానిటరు ఎర్తు తీగెనే లూపు మీదుగా తిప్పితే పోదా అని కొందరు మెకానిక్కులు అడుగుతారు. పోదు. సాకెట్టు పిన్నుల్లో దుమ్ము, తుప్పు చేరుతుంది. ట్రక్కు కుదుపుకు ఆ ఎర్తు వచ్చి పోయి వచ్చి పోయి బొమ్మ గిలగిల కొట్టుకుంటుంది. పైగా కెమేరా తీగె చుట్టూ ఉండే జల్లి మీదుగా ఎర్తు మరో దారి వెతుక్కుంటుంది, ప్లగ్గు పీకినా తెర సగం వెలుగుతూ ఉంటుంది. రిలే పెడితే ఈ గొడవ లేదు.

తప్పక చూడవలసిన రెండు సంగతులు

లూపు వెయ్యక ముందు ట్రాక్టరు సాకెట్టులోని 2వ పిన్నుకు టెస్టు లాంపు పెట్టి చూడాలి. తాళం తిప్పి, అన్ని లైట్ల స్విచ్చులూ ఒక్కొక్కటే వేసి చూడాలి. ఏ స్విచ్చుకైనా లాంపు వెలిగిందంటే మీ ట్రాక్టరులో ఆ పిన్నును వేరే పనికి వాడారని అర్థం. అలాంటి పిన్నును తీసుకెళ్లి ఎర్తుకు కలిపితే షార్టే. అప్పుడు ఆ పాత తీగెను సాకెట్టు నుంచి విప్పి టేపు చుట్టిన తరవాతే మన తీగె వెయ్యాలి.

రెండోది, ట్రక్కుల ఎరువు. పక్క రైతుకు ట్రక్కు అవసరమైతే ఇవ్వకుండా ఉండలేం. ఆయన ట్రాక్టరులో 2వ పిన్నుకు కరెంటు ఉంటే మన ట్రక్కు ప్లగ్గు పెట్టగానే షార్టవుతుంది. లూపు మధ్యలో ఫ్యూజు పెట్టమన్నది ఇందుకే. రిలే లాగే కరెంటు ఆంపియరులో ఆరో వంతు, ఏడో వంతు ఉంటుందంతే. కాబట్టి 1 ఆంపియరు ఫ్యూజు మన పనికి చాలు. ఎదుటివాడి ట్రాక్టరులో తేడా ఉంటే ఆ చిన్న ఫ్యూజే పోతుంది, ఆయన వైరింగు కాలదు. ట్రక్కు తిరిగి వచ్చాక తెర వెలగకపోతే మొదట చూడవలసింది ఆ ఫ్యూజునే.

ఎర్తు సంగతి ఇక్కడే చెప్పాలి. చాలా ట్రక్కులకు ఎర్తు తీగె వెయ్యరు, హుక్కు పిన్ను మీదుగా బాడీ నుంచే సరిపెడతారు. హుక్కుకు గ్రీజు, మట్టి పట్టి ఉంటాయి గనక లైట్లు మిణుకు మిణుకు మంటాయి. 3వ పిన్నుకు సరైన తెల్ల తీగె వేసి ట్రక్కు ఛాసిస్ కు బోల్టుతో బిగిస్తే లైట్లు కూడా బాగుపడతాయి. అసలు వైరింగే లేని ట్రక్కులూ రోడ్ల మీద బోలెడు తిరుగుతున్నాయి. వాళ్లు కెమేరా సంగతి తరవాత ఆలోచించి, ముందు టెయిల్ లైట్లు, ఎర్ర రిఫ్లెక్టర్లు బిగించుకోవాలి. చీకట్లో లైటు లేని ట్రక్కును వెనక నుంచి వచ్చి గుద్దుకునే మోటారు సైకిలు వాడికి మన కెమేరా ఏమీ చెయ్యదు.

బ్యాటరీ లెక్క

కెమేరా, తెర కలిపి సుమారు అర ఆంపియరు తీసుకుంటాయనుకుందాం. ట్రాక్టరు నడుస్తున్నంతసేపూ ఆల్టర్నేటరుకు అది లెక్కలోది కాదు. ఆపడం మర్చిపోతేనే చిక్కు. అర ఆంపియరు చొప్పున 24 గంటలకు 12 ఆంపియర్ గంటలు. ఒక రాత్రికి ఏమీ కాదు, తెల్లారి స్టార్టవుతుంది. ఆ ధీమాతోనే నష్టపోతాం. పనుల్లేని రోజుల్లో ట్రాక్టరు వారం కదలకపోతే 84 ఆంపియర్ గంటలు పోయినట్టు. ట్రాక్టరు బ్యాటరీ మొత్తమే ఇంచుమించు అంత. అలా పూర్తిగా అడుగంటిన బ్యాటరీ మళ్లీ ఛార్జి చేసినా మునుపటి బలం రాదు. కెమేరా మిగిల్చేదేమో గాని కొత్త బ్యాటరీ ఖర్చు మీద పడుతుంది.

కొనేటప్పుడు

వైర్ లెస్ కెమేరాలు చవగ్గానూ వస్తున్నాయి, బిగించడమూ తేలికే. అయినా ట్రక్కుకు తీగె కెమేరానే నయం. ఇనుప తొట్టి అడ్డం ఉంటే సిగ్నలు తెగుతుంది. కొన్నింటిలో బొమ్మ ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. వెనక్కు కొట్టేటప్పుడు ఆ ఒక్క క్షణమే కావాలి మనకు. వైర్ లెస్ అన్నా కెమేరాకు కరెంటు తీగె ఎటూ తప్పదు.

తీగె కెమేరాల్లో కార్లకు వాడే గుచ్చుడు పిన్ను రకం వద్దు. దుక్కి నేలలో నాలుగు తిరుగుళ్లు తిరిగితే అది ఊడుతుంది. లారీలకు వాడే నాలుగు పిన్నుల మర రకం అడగండి. అందులో బొమ్మా, కెమేరాకు కరెంటూ ఒకే తీగెలో పోతాయి. మానిటరు వెలిగితే కెమేరా వెలుగుతుంది, వేరే కనెక్షను అక్కర లేదు. కెమేరా మీద ఐపీ 67 గాని ఐపీ 69కే గాని ఉండాలి. ధూళి, నీళ్లు లోపలికి పోవని దాని అర్థం. 10 నుంచి 30 వోల్టుల దాకా పనిచేసే సెట్టు మేలు, సెల్ఫు కొట్టేటప్పుడు వోల్టేజి పడినా తట్టుకుంటుంది.

షాపులోనే ఒక పరీక్ష చెయ్యాలి. సెట్టుకు బ్యాటరీ కనెక్షను ఇప్పించి, మధ్యలో తీగె పీకి మళ్లీ పెట్టించండి. బటను నొక్కకుండా దానంతట అదే బొమ్మ రావాలి. కొన్ని మానిటర్లు బటను నొక్కితే గాని లేవవు. అలాంటిది ఇంటికి తెచ్చుకుని రిలే పెట్టినా ఉపయోగం లేదు. వెనక ట్రిగ్గర్ తీగె అని ఒకటి ఉంటే దాన్ని కూడా 87వ కాలుకే కలిపితే కరెంటు రాగానే కెమేరా బొమ్మ వస్తుంది. అదీ లేకపోతే ఆ రకం వదిలెయ్యండి.

బిగించే చోటు, గీతలు

వెనక డోరు మీద కెమేరా బిగించవద్దు. డోరు దించగానే అది నేలను చూస్తుంది, బస్తాల రాపిడికి పగులుతుంది. డోరు పక్కన ఉండే మూల పోస్టు మీద ఐదారడుగుల ఎత్తులో ఇనుప పట్టీ చేయించి, లోపలికి కొంచెం దాచినట్టు బిగించాలి. తెర కింది అంచున ట్రక్కు వెనక అంచు కాస్త కనపడేట్టు వంచితే దూరం అంచనా తెలుస్తుంది. గడ్డి, పత్తి వేసుకునే వాళ్లకు పైన పెట్టిన కెమేరా లోడు కింద మూసుకుపోతుంది. వాళ్లు ఛాసిస్ వెనక దూలానికి పెట్టుకోవాలి. బురద ఎక్కువ పడుతుంది, తుడుచుకోవాలి. చెరకు వెనక్కు వేలాడేట్టు వేసే వాళ్లకు మాత్రం ఏ కెమేరా పనికిరాదు, మనిషి దిగి చూడవలసిందే.

తీగెను ఛాసిస్ లోపలి అంచు వెంట పైపులో వేసి రెండడుగులకొక క్లిప్పు వెయ్యాలి. టిప్పర్ ట్రక్కు అయితే తొట్టిని పూర్తిగా లేపి, మడత దగ్గర తీగె లాగకుండా వదులు వదలాలి. ట్రాక్టరుకు, ట్రక్కుకు నడుమ స్ప్రింగులా చుట్టుకుని ఉండే తీగె మంచిది. స్టీరింగు పూర్తిగా ఎడమకు, తరవాత పూర్తిగా కుడికి తిప్పి బండి కదిపి చూడండి. తీగె టైరుకు గాని పీటీఓ షాఫ్టుకు గాని తగలకూడదు.

బొమ్మ అద్దంలోలాగా కనపడాలి. పరీక్షకు ఒక మనిషిని ట్రక్కు వెనక ఎడమ వైపు ఎర్ర తువ్వాలుతో నిలబెట్టండి. తెరలో కూడా ఎడమ వైపే కనపడాలి. కుడి వైపు కనపడితే కెమేరాలో గాని మానిటరు మెనూలో గాని మార్చుకోవాలి. అట్లా మార్చకుండా వాడితే ట్రక్కును గోడకు కొట్టేది ఖాయం.

కెమేరాలో వచ్చే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు కారు కొలతలవి, మనకు పనికిరావు. వెడల్పు కోణం కెమేరాలో దగ్గరి మనిషి కూడా దూరంగా ఉన్నట్టే కనపడతాడు. అందుకని ట్రక్కును చదును నేల మీద నిలిపి, వెనక డోరు నుంచి 1, 2, 3 మీటర్ల దగ్గర నేల మీద సున్నంతో అడ్డగీతలు గియ్యండి. అవి తెర మీద ఎక్కడ కనపడుతున్నాయో అక్కడ సన్నటి రంగు టేపు ముక్కలు అంటించండి. ఒక గంట పని, ఆ తరవాత చూపుతోనే దూరం తెలుస్తుంది.

రాత్రి పూట కెమేరాలోని ఎర్ర దీపాలను నమ్ముకోవద్దు. నూర్పిడి దుమ్ములో ఆ వెలుగు తిరిగి కొట్టి తెరంతా తెల్లబడుతుంది. ట్రక్కు వెనక చిన్న ఎల్ఈడీ లైటు ఒకటి నేల వైపు పెట్టుకుంటే బొమ్మ బాగా వస్తుంది.

కెమేరాకు కనపడనిది కూడా ఉంది. ట్రక్కు టైర్ల పక్కన, తొట్టి కింద, ట్రాక్టరుకు ట్రక్కుకు మధ్య హుక్కు మీద ఏముందో అది చూపదు. హుక్కు బారు మీద కాలు పెట్టి ఎక్కి కూర్చునే అలవాటు మన పిల్లలకూ ఉంది, కూలీలకూ ఉంది. తెర చూస్తూ డ్రైవరు ఆ సంగతి మర్చిపోతాడు. గేరు వెయ్యక ముందు ఒకసారి దిగి చుట్టూ తిరిగి రావడం, హారను కొట్టి రెండు క్షణాలు ఆగడం, పిల్లలందరూ ఒక పెద్ద మనిషి కళ్ల ముందు ఒకే చోట ఉన్నారని తెలిశాకే వెనక్కు కదలడం కెమేరా ఉన్నా మానకూడదు.

వారానికొకసారి తడి గుడ్డతో కెమేరా అద్దం తుడవాలి. పురుగు మందు చేతులతో, డీజిలు గుడ్డతో తుడిస్తే అద్దం మసకబారుతుంది. ప్లగ్గు పిన్నులకు పలచగా వేజలిన్ రాస్తే తుప్పు పట్టదు. ట్రక్కు విప్పి పక్కన పెట్టినప్పుడు ప్లగ్గును నేల మీద వదలకుండా హుక్కు బారుకు ఒక కొక్కెం వేయించి, మొహం కిందికి ఉండేట్టు తగిలించండి. వానకు నీళ్లు నిలవవు.